హోదాకు తగిన హార్మోను

మావారికి నిద్రలో ఊపిరి ఆగిపోతోందన్న సంగతి నాకూ, వారి సంస్థకూ ఒకే నెలలో తెలిసింది. నేను కంగారుపడ్డాను. సంస్థ సర్క్యులర్ వేసింది.

సంస్థ అంటే గోనెసంచుల సంస్థ. లోకమంతా ప్లాస్టిక్ సంచుల్లోకి మారిపోయినా, గోనెసంచి మీద అజమాయిషీ చెయ్యడానికి మా ఊళ్ళో మూడంతస్తుల భవనం, అందులో ఒక మేనేజింగ్ డైరెక్టరు, ఆయన కింద ఒక పరిపాలనాధికారి, ఆయన కింద సూపరింటెండెంట్లు, వాళ్ళ కింద మావారి లాంటి సీనియర్ అసిస్టెంట్లు ఇంకా ఉన్నారు. సంచులు మాత్రం తగ్గాయి.

మావారి పేరు ఉమాపతి. పెళ్ళయిన నాటి నుంచీ గురక పెడతారు. మా అత్తగారు బతికున్న రోజుల్లో "వాడి గురక వింటుంటే ఇంట్లో మగాడున్నాడని ధైర్యంగా ఉంటుందే" అనేవారు. నేను బి.ఎస్సీ. జువాలజీ చదివాను. కప్పను కోసిన చేత్తోనే వంకాయలు కోస్తున్నాను గనుక ఆ చదువు పూర్తిగా వృథా కాలేదు. గురకకీ మగతనానికీ సంబంధం ఉందని మా పాఠ్యపుస్తకంలో లేదని అప్పుడే అనిపించింది గానీ, అత్తగారితో వాదించడం సిలబస్‌లో లేదు.

ఈమధ్య ఆ గురక మధ్యలో ఆగడం మొదలైంది. మోటారు నీళ్ళు అందక ఆగినట్టు ఆగేది. నేను లేచి కూర్చునేదాన్ని. కాసేపటికి నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క ఉబుకు ఉబికి మళ్ళీ మొదలయ్యేది. పొద్దున అడిగితే "హాయిగా నిద్రపట్టింది విశాలా" అనేవారు. నాకు తప్ప ఇంట్లో అందరికీ హాయిగా నిద్రపట్టేది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

ఒకరోజు ఆఫీసుకి వెళ్తూ రైల్వే గేటు దగ్గర స్కూటరు ఆపి, దాని మీదే నిద్రపోయారు. రైలు వెళ్ళింది, గేటు తీశారు, వెనక లారీలు హారన్లు కొట్టాయి. ఆయన ఉలిక్కిపడి స్కూటరు ముందుకి దూకించి గేటుమనిషి గుడిసె గోడకి గుద్దారు. పగిలింది స్కూటరు దీపం ఒక్కటే. గేటు కాస్త ముందు తీసి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు. తిన్నగా డాక్టర్ సుల్తానా గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ పరీక్ష చేయించి చెప్పారు. "గురక కాదమ్మా భయపడాల్సింది, గురక ఆగడం. గొంతులో గాలి దారి మూసుకుపోతోంది. మూసుకున్నప్పుడల్లా ప్రాణవాయువు పడిపోతుంది, గుండె తన్నుకులాడుతుంది. నిద్ర చెడితే ఒంట్లో హార్మోన్లూ గాడి తప్పుతాయి. మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ ఎక్కువగా తయారయ్యేది నిద్రలోనే. ఆ నిద్రే ముక్కలైతే అది తగ్గుతుంది. అది తర్వాత సంగతి. ముందు ఊపిరి. ముక్కుకి తొడుగు పెట్టి గాలి నెట్టే యంత్రం ఉంటుంది. రోజూ అది పెట్టుకునే పడుకోవాలి."

తర్వాత నా వంక తిరిగారు. "మీ నిద్ర ఎలా ఉందమ్మా?"

"ఆయన ఊపిరి కాపలా కాస్తూ ఉంటానండీ."

"యాభై దాటాయిగా? నెలసరి ఆగాక ఆడవాళ్ళకీ ఇది వస్తుంది. అప్పటిదాకా కాపు కాసిన హార్మోన్లు తగ్గిపోతాయి. మీరూ ఒకసారి పరీక్ష చేయించుకుంటే..."

"ముందు ఆయన సంగతి చూడండి" అన్నాను. ఆడవాళ్ళందరం చెప్పే మాటే.

సరిగ్గా ఆ వారమే మేనేజింగ్ డైరెక్టరు సోమనాథం గారు పెద్ద హోటల్లో జరిగిన ఒక ఆరోగ్య సదస్సు నుంచి తిరిగొచ్చారు. సదస్సు రెండు రోజులు. ఆయన మెలకువగా విన్నది ఒక్క వాక్యం. దురదృష్టవశాత్తూ అది నిజమైన వాక్యం: నిద్రలో ఊపిరి ఆగే మగవాళ్ళకి టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటుంది.

మర్నాడే సిబ్బందిని హాల్లోకి పిలిచారట. "మన సంచుల అమ్మకాలు ఎందుకు పడిపోయాయి? ప్లాస్టిక్ వల్ల అంటారు మీరు. కాదు! హార్మోను వల్ల! హార్మోను లేని చోట చొరవ లేదు. చొరవ లేని చోట సంచి లేదు!" అని బల్ల గుద్దారట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి మావారు మేలుకున్నారు.

వరండాలో బల్లలు వేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరికీ రక్తం తీశారు. మగా ఆడా తేడా లేదు. ఫలితాలను ఎక్కువ నుంచి తక్కువకి వరసగా నోటీసు బోర్డు మీద అంటించారు. అక్కడే తేడా వచ్చింది. అన్నిటికన్నా పైన డ్రైవర్ గంగరాజు ఉన్నాడు. ఎండీ గారి పేరు కోసం కళ్ళు కిందికీ కిందికీ దిగి, దాదాపు బోర్డు చెక్కని తాకాయి. టీలు చల్లారేలోపు ఆ కాగితం మాయమైంది.

ఇక్కడ పరిపాలనాధికారి పట్టాభిరామయ్య గారి గురించి చెప్పాలి. ఆయన మాట్లాడితే మాట కింద సంతకం, తేదీ కూడా వినిపిస్తాయి. ఎండీ గారి మట్టం తక్కువని ఎవరైనా అనుకుంటారు. ఆయన అనుకోలేదు. కింది వాళ్ళది ఎక్కువ అన్నారు. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది:

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఏ ఉద్యోగి యొక్క హార్మోను మట్టమూ అతని పై అధికారి మట్టమును మించరాదు. మించిన యెడల అది క్రమశిక్షణ ఉల్లంఘనగా పరిగణింపబడును. ప్రతి నెలా రక్తము తీయబడును."

మొదటి చిక్కు మణిమాల గారి దగ్గర వచ్చింది. ఆవిడ మావారికి సూపరింటెండెంటు. ఆడమనిషికి ఆ హార్మోను సహజంగానే తక్కువ. అంటే సెక్షన్లో ప్రతి మగవాడూ ఆవిడని ధిక్కరిస్తున్నట్టే లెక్క. పట్టాభిరామయ్య గారు రాత్రంతా ఆలోచించి, మహిళా అధికారుల మట్టాన్ని ఇరవై పెట్టి గుణించాలని ఉత్తర్వు ఇచ్చారు.

మణిమాల గారు ఫైలు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళారట. "సార్, ఈ గుణకం జీతానికి కూడానా?"

"ఒక్క హార్మోనుకే అమ్మా."

"పోన్లెండి. ఇన్నాళ్ళకి ఒకదాంట్లోనైనా గుణించారు."

రెండో చిక్కు గంగరాజు. పై అధికారులను మించిన మట్టం కలిగి ఉన్నందుకు ఎందుకు చర్య తీసుకోరాదో తెలపమని మెమో ఇచ్చారు.

"ఆయ్, నాకేం తెల్సండీ! ఇంటికెళ్ళి అన్నం తిని తొంగుంటానండీ, అంతే" అన్నాడట వాడు. "తగ్గించుకోమంటే తగ్గించుకుంటానండీ. ఎలాగో సెలవివ్వండి."

"నిద్రయే మూలకారణమని అర్థమగుచున్నది" అని, పట్టాభిరామయ్య గారు వాడికి నెలంతా రాత్రి డ్యూటీ వేశారు. వైద్యశాస్త్రం ప్రకారం అది పనిచేసింది. నెల తిరిగేసరికి గంగరాజు మట్టం తగ్గింది, కళ్ళ కింద నల్లబడింది, కారు బంపరు సొట్టపడింది. క్రమశిక్షణ మెరుగుపడిందని నమోదు చేశారు.

ఇక మావారు. రాత్రుళ్ళు ఊపిరి ఆగి ఆగి ఆయన మట్టం మగవాళ్ళందరికన్నా అడుగున, ఎండీ గారి కన్నా కూడా కిందన ఉంది. ఏ అధికారినీ మించే ప్రశ్నే లేదు. ఆయన్ని ఆదర్శ ఉద్యోగిగా ప్రకటించారు. "శ్రీ ఉమాపతి గారి మట్టం సిబ్బందికంతటికీ మార్గదర్శకం" అని ఎండీ గారు స్వయంగా శాలువా కప్పారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అదే మొదటి శాలువా. మురిసిపోతూ ఇంటికొచ్చారు. ఆ రాత్రి అది కప్పుకునే పడుకున్నారు. శాలువా కింద కూడా ఊపిరి ఆగింది.

యంత్రం కోసం మావారు పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. నేను పొంగడాల డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. పట్టాభిరామయ్య గారు డబ్బా తీసుకుని మర్యాదగా కూర్చోబెట్టారు.

"అమ్మా, మీ వారు ఊపిరి తీసుకొనుట యందు సంస్థకు ఎట్టి అభ్యంతరమూ లేదు. తీసుకొన్నందువలన కలుగు పర్యవసానముల యందే అభ్యంతరం."

"పర్యవసానం అంటే బతకడమేగా అండీ?"

"మట్టం పెరగడం. యంత్రం ధరిస్తే నిద్ర బాగుపడును. నిద్ర బాగుపడితే హార్మోను పెరగవచ్చును. రేపు మీ వారు మణిమాల గారిని, ఎల్లుండి నన్ను మించవచ్చును. ఆదర్శ ఉద్యోగిని మనమే చెడగొట్టినట్లగును గదా."

"సంస్థ ఇవ్వక్కర్లేదండీ. మా డబ్బుతో మేమే కొనుక్కుంటాం. నా గాజులున్నాయి."

ఆయన జాలిగా చూశారు. "స్థలం కొన్నా, కారు కొన్నా ఉద్యోగి ముందస్తు అనుమతి తీసుకోవలెనా లేదా? హార్మోను కూడా ఆస్తి వంటిదే తల్లీ. సమకూర్చుకొనుటకు అనుమతి కావలెను."

దొంగచాటుగా పెట్టుకోవచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. మావారు వణికిపోయారు. నెలనెలా రక్తం తీస్తారు. లంచం పుచ్చుకున్నా దొరక్కపోవచ్చు గానీ, పెరిగిన హార్మోను దొరికిపోతుంది. పెన్షనుకి ఇంకా మూడేళ్ళుంది. అప్పటిదాకా మనిషి ఉంటాడా అన్నది నా బెంగ. ఉద్యోగం ఉంటుందా అన్నది ఆయన బెంగ.

నేను లేవబోతూ అడిగాను. "పై వాళ్ళది పెరిగితేనో అండీ?"

"అప్పుడు కింది వారు కూడా ఆ మేరకు పెరగవలెను. పై నుంచి కిందికి వరస చెడరాదు."

"మరి ఎండీ గారిది పెరిగితే ఎవరి అనుమతి కావాలి?"

పట్టాభిరామయ్య గారు ఆ మాటకే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఎవరిదీ అక్కర్లేదు. ఆయనకు పై అధికారి లేరు. పై అధికారి లేని వారికి పరిమితి లేదు."

ఇంటికి వస్తూ దారిలో మినప్పప్పు కొన్నాను.

సంస్థ వార్షికోత్సవం దగ్గర పడింది. ఏటా సిబ్బంది కుటుంబాలు కలిసి మధ్యాహ్నం భోజనం పెట్టుకుంటాయి, ఆ తర్వాత సభ. ఈసారి వంటల బాధ్యత నేను తీసుకుంటానన్నాను. అందరూ మెచ్చుకున్నారు. పప్పు, గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్టు మీద నెయ్యి, చివర్లో పెరుగులో నానిన ఆవడలు. ఎండీ గారి విస్తరి దగ్గర నేనే నిలబడ్డాను.

"ఇంకొక్క ఆవడ వేయించుకోండి సార్."

"చాలమ్మా, ఉపన్యాసం ఉంది."

"మీరు ఉపన్యాసం ఇస్తే మిగతావాళ్ళం వింటాం. ఆవడ అలా కాదు కదండీ, ఎవరిది వాళ్ళే తినాలి." వేయించుకున్నారు. తర్వాత బొబ్బట్టు కూడా.

ఇంకొకటి కూడా చేశాను. పట్టాభిరామయ్య గారితో, "ఎండీ గారు అందరిలా స్టాండు మైకు ముందు మాట్లాడితే ఏం బావుంటుందండీ? పెద్ద పెద్ద సదస్సుల్లో చొక్కాకి పెట్టుకునే మైకు ఉంటుంది కదా" అన్నాను. హోదా మాట వినబడగానే ఆయన అది తెప్పించారు.

సభ మొదలైంది. వేదిక మీద మధ్యలో సోమనాథం గారు, కాలర్‌కి మైకు. పట్టాభిరామయ్య గారు లేచి సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టారు. నేను ముందు వరసలో, ఎండీ గారి భార్య సత్యవేణి గారి పక్కన కూర్చున్నాను. ఆవిడ పట్టుచీర మంచిదే గానీ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటలు నాకు తెలుసు. రోజూ అద్దంలో చూస్తుంటాను.

"గోనె పరిశ్రమకు ఊపిరులూదిన మహనీయా!" అన్నారు పట్టాభిరామయ్య గారు.

లౌడుస్పీకర్లలోంచి చిన్నగా ఒక గరగర వచ్చింది. తర్వాత ఇంకొంచెం పెద్దగా. రెండో పేరా వచ్చేసరికి నాలుగు లౌడుస్పీకర్లూ కలిసి ఎండీ గారి గురకని హాలంతా పరిచాయి. వెనక పిల్లలు నవ్వారు. తల్లులు వాళ్ళ నోళ్ళు మూసి తాము నవ్వారు. పట్టాభిరామయ్య గారు మాత్రం గొంతు పెంచి చదువుతూనే ఉన్నారు. పై అధికారి నిద్రపోతున్నారన్న విషయం కింది అధికారి దృష్టికి రావడానికి నిబంధన లేదు.

అంతలో గురక ఆగింది.

నవ్వులు ఒకటొకటిగా సద్దుమణిగాయి. స్పీకర్లలో ఏమీ లేదు. పెద్ద హాలు, నాలుగు స్పీకర్లు, వాటినిండా ఏమీ లేదు. ఎండీ గారి గుండె ఎగరడం, గొంతు గుటకలు పడడం కనిపిస్తున్నాయి. గాలి మాత్రం లేదు. పట్టాభిరామయ్య గారి చేతిలో కాగితం ఆగిపోయింది. "సార్?" అన్నారు. ఆ ఒక్క మాట కింద మాత్రం సంతకం లేదు.

సత్యవేణి గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఆగిందండీ."

"వస్తుందండీ. మావారికీ ఇంతే."

"మీరూ లేచి కూర్చుంటారా?"

"రోజూ."

మావారు నా వెనక వరసలో ఉన్నారు. ఆయన ముందుకి వంగి, "నేనిలాగేనా?" అని అడిగారు. తన ఊపిరి ఆగడం ఆయన ఎప్పుడూ వినలేదు. వినడానికి మెలకువగా ఉంటే కదా. నేను తలూపాను. ఆయన ముఖం పాలిపోయింది.

అప్పుడు వచ్చింది. కాలవలోంచి జుట్టుపట్టి లాగిన మనిషి తీసే ఊపిరి, నాలుగు స్పీకర్లలో. ఎండీ గారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్యవేణి గారు లేచి వేదిక ఎక్కారు. మైకు ఇంకా ఆయన కాలర్‌కే ఉంది గనుక ఆవిడ మెల్లగా చెప్పిన మాట కూడా అందరికీ వినబడింది. "రేపు పొద్దున్నే డాక్టర్ సుల్తానా గారి దగ్గరికి వెళ్తున్నాం. నోరెత్తితే ఊరుకోను." పై అధికారి లేరని పట్టాభిరామయ్య గారు చెప్పింది ఆఫీసు వరకే అనుకుంటాను.

డాక్టరు గారి దగ్గరికి పట్టాభిరామయ్య గారు కూడా వెళ్ళారట. "యంత్రం ఎందుకండీ, సంస్థ ఖర్చుతో హార్మోను సూది వేయించిన సరిపోదా?" అని అడిగారట. "ఈ జబ్బున్నవాళ్ళకి ఆ సూది వేస్తే ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువ కావచ్చు" అని ఆవిడ చెప్పారు. "ఇంకో సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తీసిన రక్తంతో ఈ లెక్కలేంటండీ? అది పొద్దున్నే చూడాలి."

ఎండీ గారు యంత్రం పెట్టుకున్నారు. మరుసటి నెల ఆయన రక్తం పొద్దున్నే తీశారు. మట్టం పెరిగింది. యంత్రం వల్ల ఎంతో, పొద్దున్నే తియ్యడం వల్ల ఎంతో, ఆవడలు మానేయడం వల్ల ఎంతో డాక్టరు గారే చెప్పలేనన్నారు. పట్టాభిరామయ్య గారు చెప్పగలిగారు. అంతా నాయకత్వం వల్లేనన్నారు.

పై మట్టం పెరిగాక కింది వాళ్ళందరూ కూడా "ఆ మేరకు" పెరగాలి కదా. వరస చెడరాదు. ఆదర్శ ఉద్యోగి ఉమాపతి గారికి మెమో వచ్చింది: "తమరి హార్మోను మట్టము హోదాకు తగినంత లేనందున సంస్థ పురోగతికి ఆటంకము కలుగుచున్నది. శిక్షగా, తమరు ప్రతి రాత్రీ శ్వాస యంత్రమును ధరించి నిద్రించవలెను. ఉల్లంఘించిన యెడల కఠిన చర్య తీసుకొనబడును." శిక్షను అమలు చేయడానికి కావలసిన యంత్రాన్ని సంస్థే పంపింది. ఎక్కడ మానేస్తారో అని వారానికొకసారి అటెండరు వచ్చి చూసి వెళ్ళేవాడు.

మావారు శిక్షని ఎంత నిష్ఠగా అనుభవించారంటే, పది రోజుల్లో ముఖంలో రంగు వచ్చింది. రైల్వే గేటు దగ్గర మెలకువగా నిలబడి రైలు పెట్టెలు లెక్కపెడుతున్నారు. ఇంట్లో నిశ్శబ్దం. నేను ఇన్నాళ్ళకి కాపలా దిగి ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను.

ఒకరోజు పొద్దున కాఫీ దగ్గర ఆయన అన్నారు. "విశాలా, నువ్వు గురక పెడుతున్నావు."

"అబద్ధం."

"మధ్యలో ఆగుతోంది." ఆయన గ్లాసు కింద పెట్టారు. "నేను లేచి కూర్చున్నాను."

ఆ వాక్యం ఇన్నాళ్ళూ నాదే. ఆయన నోటి వెంట వింటే కొత్తగా ఉంది. ఆ రోజే ఆయన సెలవు పెట్టి నన్ను డాక్టర్ సుల్తానా గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ "నేను చెప్పలేదూ?" అనలేదు. పరీక్ష చేయించారు.

నాకూ యంత్రం కావాలి. సంస్థ నిబంధనల ప్రకారం భార్యకి వైద్యం ఇస్తారు. కానీ ఇది హోదాని బట్టి ఇచ్చే యంత్రమైపోయింది. అధికారులకి పెద్దది, అసిస్టెంట్లకి చిన్నది. గృహిణికి ఏది ఇవ్వాలో తేలక పట్టాభిరామయ్య గారు దరఖాస్తు వెనక్కి పంపి అడిగారు: "రోగి యొక్క పై అధికారి పేరు, హోదా తెలిపిన పిదప పరిశీలింపబడును."

మావారు భోజనాల బల్ల దగ్గర కలం తీశారు. నేను ఎదురుగా వంకాయలు కోస్తున్నాను. ఆయన అలవాటుగా 'ఉ' అని రాశారు. నేను చూస్తున్నానని చూసి ఆగారు.

"ఏం రాయమంటావు?"

"మీకు నిజమనిపించింది రాయండి."

ఆయన కాసేపు వంకాయల వంక చూశారు. తర్వాత 'ఉ' కొట్టేసి, స్పష్టంగా, గుండ్రంగా రాశారు: "లేరు."

పట్టాభిరామయ్య గారు దాన్ని చదివి చాలాసేపు ఆలోచించారట. పై అధికారి లేని హోదా వారి నిబంధనల్లో ఒక్కటే ఉంది.

రెండు రోజుల తర్వాత ఆయనే స్వయంగా మా ఇంటికి వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచారు. అటెండరు చేత పెద్ద పెట్టె లోపలికి మోయించారు. దాని మీద 'ఎండీ స్థాయి' అని ముద్ర ఉంది. చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మగారూ, ఇక తమరు నిద్రపోవచ్చు" అన్నారు.

"అనుమతి ఇచ్చినందుకు చాలా సంతోషమండీ."

ఆయన కంగారుపడిపోయారు. "అబ్బెబ్బే! తమరికి అనుమతి ఇచ్చే హోదా నాకెక్కడిదమ్మా!"